పాచికలకూ పక్షపాతం ఉంది

ఈమధ్య ఒక సదస్సులో వీడియో గేముల్లోని కథనం గురించి మాట్లాడాను. ఫాంటసీ గేముల్లో రాక్షసులకీ, జంతువులకీ, మనుషులకీ రూపాలు ఎవరు ఇస్తున్నారు, అందులో స్త్రీల వాటా ఎంత అన్నది నా ప్రశ్న. మాట్లాడటం అయ్యాక ఒక సీనియర్ ఆచార్యులు లేచి, "అమ్మా, అవన్నీ కంప్యూటర్ యాదృచ్ఛికంగా చేసే మార్పులు. లాటరీకి కూడా జెండర్ అంటగడితే ఎలా?" అన్నారు. సభంతా నవ్వింది. అలవాటుకొద్దీ నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక అలా నవ్వినందుకే నామీద నాకు కోపమొచ్చింది. అక్కడ చెప్పాల్సిన జవాబు ఇక్కడ చెబుతున్నాను.

గేములు ఆడనివాళ్ళ కోసం ముందు కాస్త వివరం. అడవిలో పది తోడేళ్ళు ఎదురై, పదీ ఒకేలా ఉంటే ఆడేవాళ్ళకి విసుగు పుడుతుంది. పదింటినీ విడివిడిగా తయారుచెయ్యాలంటే డబ్బూ సమయమూ కావాలి. అందుకని ఒకే ఆకారం చేసి, దానికి తొడిగే చర్మాన్ని మారుస్తారు. ఒకటి బూడిద రంగుది, ఒకటి గోధుమ రంగుది, ఒకటి మచ్చలది. ఎత్తు కాస్త పెంచుతారు, తగ్గిస్తారు. తోడేలు కనిపించే క్షణాన ఈ జాబితాలోంచి ఏది రావాలో కంప్యూటర్ పాచిక వేసి తేలుస్తుంది. కత్తులకీ డాళ్ళకీ కూడా ఇదే పద్ధతి. పెడన కలంకారీ అద్దకం చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. అచ్చు ఒకటే, రంగులు మారతాయి.

ఈ తెలివి లేమిలోంచి పుట్టింది. 1984లో వచ్చిన 'ఎలీట్' అనే గేము, ఒక్కోదానిలో 256 గ్రహాలున్న ఎనిమిది గెలాక్సీలని 32 కిలోబైట్ల జ్ఞాపకశక్తి ఉన్న కంప్యూటర్లో ఇమిడ్చింది. అన్నిటినీ దాచుకునే చోటు లేక, లెక్కతో అప్పటికప్పుడు పుట్టించింది. ఆ నేర్పంటే నాకు గౌరవమే. నా పేచీ అంతా పాచిక వెయ్యకముందే ఎవరో కూర్చుని రాసిన జాబితాతో.

2011 నవంబరులో బెథెస్డా సంస్థ విడుదల చేసిన 'స్కైరిమ్' సంగతి చూడండి. ఆ మంచుదేశంలో జెయింట్లనే మహాకాయులు ఉంటారు. మామత్ మందల్ని మేపుతారు. మామత్ పాలతో చేసిన చీజ్ వాళ్ళ విడిదుల్లో దొరుకుతుంది. పాలు పితకడం, చీజ్ చెయ్యడం ఇంత చక్కగా నడుస్తున్న ఆ సమాజంలో ఒక్క ఆడ జెయింట్ కూడా లేదు! ఆడవాళ్ళు అసలే లేరా అంటే, హాగ్‌రేవెన్‌లున్నాయి. మంత్రశక్తి కోసం మనిషితనాన్ని వదులుకున్న స్త్రీలట. అందరూ ఆడవాళ్ళే. ముడతలు పడ్డ ఒళ్ళు, పక్షి గోళ్ళు. నిప్పుతో చేసిన జీవి ఒకటుంది, దానికి సన్నని నడుమూ స్తనాలూ ఉన్నాయి. మంచుతో చేసిన జీవికీ, తుఫానుతో చేసిన జీవికీ ఆ అవసరం రాలేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇంకొకటి. ఆ ఆట లోపలి సమాచారంలో మనుషుల్ని జాతులుగా విడగొట్టారు. నార్డ్, ఇంపీరియల్, బ్రెటన్, రెడ్‌గార్డ్. వీటి పక్కనే 'ఎల్డర్' అని ఇంకో జాతి. ముసలివాళ్ళని ఒక జాతిగా విడదీసి పెట్టారన్నమాట. ఆడేవాళ్ళు తమ పాత్ర కోసం ఆ జాతిని ఎంచుకోలేరు. ఇక శరీరానికి బరువు పెంచే మీట ఒకటుంది. దాన్ని ఎటు జరిపినా స్త్రీకి పొట్ట మాత్రం రాదు.

జీవులన్నీ ఒకే తీరుగా ఉన్నాయని విసిగి, ఆటగాళ్ళే 'ఆటోమేటిక్ వేరియంట్స్' వంటి పనిముట్లు తయారుచేసుకున్నారు. ఎవరెవరో గీసిన చర్మాలని పోగుచేసి జీవులకి యాదృచ్ఛికంగా పంచే ఏర్పాటు అది. ముచ్చటైన పనే. కానీ స్కైరిమ్ జెయింట్ చర్మానికి నూరు రంగులు అద్దినా నూరుగురూ మగవాళ్ళే. జాబితాలో లేనిది పాచికలో పడదు.

సాహిత్యం చదువుకున్న మనకి ఈ జాబితాలు తెలియనివేం కాదు. వాల్మీకి సుందరకాండలో అశోకవనంలో సీతకి కాపలా ఉన్న రాక్షసస్త్రీలని గుర్తు చేసుకోండి. ఒంటికన్నుది, ఒంటిచెవిది, చెవుల్నే దుప్పటిగా కప్పుకున్నది, పందిమొహంది, పులిమొహంది, ఏనుగుకాళ్ళది, గుర్రపుకాళ్ళది. ఈనాటి గేము రూపకర్త చూస్తే ఇది నా పనే అనుకుంటాడు. అంత వైవిధ్యమూ జుగుప్స పుట్టించడానికే ఖర్చయింది. ఇక అందం దగ్గరికొస్తే, చంద్రముఖీ పద్మాక్షీ సన్నని నడుమూ ఏ కావ్యనాయికకైనా సరిపోతాయి. అందానికి ఒకటే అచ్చు, వికారానికి వెయ్యి అచ్చులు. ఓల్గా 'విముక్త' కథల్లో శూర్పణఖకి ఒక తోటా, ఒక బతుకూ దొరికినప్పుడు మనకి కలిగిన ఊరటకి కారణం ఇదే.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా అక్క కూతురు హైదరాబాదులో ఒక గేమ్ స్టూడియోలో పనిచేస్తోంది. విదేశీ కంపెనీల ఫాంటసీ గేములకి ఇక్కడ బొమ్మలు చేసి పంపుతారు. ఆ మధ్య ఒక పల్లెటూరి జనానికి రూపభేదాలు తయారుచేసే పని దానికి పడింది. మగవాళ్ళ జాబితాలో బొజ్జ, బట్టతల, గూని, వంకరముక్కు, ఊడిన పళ్ళు, కత్తిగాటు ఉన్నాయి. ఆడవాళ్ళ జాబితాలో జుట్టు రంగు, జడ తీరు, కళ్ళ రంగు, లంగా రంగు. అంతే.

అది ఊరుకోలేదు. ఇద్దరు పిల్లల్ని కన్న పొట్ట, పొయ్యి దగ్గర కాలిన చెయ్యి, నెరిసిన పాపిడి, ముడతలు పడ్డ బుగ్గలు చేర్చి పంపింది. పైవాడు వెనక్కి కొట్టాడు. ఇవేవీ అడగలేదన్నాడు. సరే, అడగనిది తీసేశారని సర్దుకుంది. రెండు వారాల తర్వాత చూస్తే, ముడతలు పడ్డ ఆ మొహం మాత్రం పారెయ్యలేదు. మంత్రగత్తెల ఫోల్డరులోకి మార్చారు!

"పిన్నీ, అది మా అమ్మమ్మ ఫోటో చూసి చేసిన మొహం" అని ఫోన్‌లో ఏడ్చింది. దాని అమ్మమ్మంటే మా అమ్మే కదా. మా అమ్మ మొహాన్ని ఎవరో ఎక్కడో కూర్చుని కత్తితో పొడుస్తారు, అందుకు వాళ్ళకి పాయింట్లు వస్తాయి. లాటరీకి జెండర్ లేదన్న ఆచార్యులవారు దీనికేమంటారు?

ఖర్చు అంటారేమో. ఆ మాట ముందే విన్నాం. 2014 జూన్‌లో 'అసాసిన్స్ క్రీడ్ యూనిటీ' గేములో ఆడేవాళ్ళు ఎంచుకునే స్త్రీపాత్ర ఎందుకు లేదని అడిగితే, కదలికలన్నీ రెట్టింపు చెయ్యాల్సి వస్తుందని యూబీసాఫ్ట్ వాళ్ళన్నారు. అంతకుముందు అదే వరుసలోని గేముకి పనిచేసిన యానిమేటర్ జోనథన్ కూపర్, అది ఒకటి రెండు రోజుల పని అని తేల్చేశారు. ఆ గేము కథ ఫ్రెంచి విప్లవానిది. 1789 అక్టోబరులో రొట్టె కోసం వెర్సాయ్ దాకా నడిచిన ఆడవాళ్ళ విప్లవం! పారిస్ వీధుల నిండా వేలమంది జనాన్ని నింపడానికి దొరికిన డబ్బు, ఒక స్త్రీపాత్ర దగ్గరకొచ్చేసరికి చాల్లేదు.

ఊహాలోకానికి ఈ లెక్కలెందుకని ఇంకొందరు అంటారు. ఊహాలోకం కాబట్టే అడుగుతున్నాను. రెక్కల బల్లుల్ని ఎగరెయ్యగలిగిన ఊహకి నలభై ఐదేళ్ళ ఆడమనిషి నడుము ఎందుకు అందదు? మార్పు అసలే లేదనను. 2023లో వచ్చిన 'బాల్డర్స్ గేట్ 3'లో పాత్ర మొహానికి ముడతలు పెట్టుకోవచ్చు, బొల్లి మచ్చలు పెట్టుకోవచ్చు. సంతోషమే. కానీ మనుషులకిచ్చిన నాలుగు దేహాల్లో రెండు సన్ననివి, రెండు కండలు తిరిగినవి. మొహం మీదికి వచ్చిన వయసు మెడ దిగి కిందికి రాలేదు.

మన విశ్వవిద్యాలయాల్లో జనరంజక సంస్కృతి అంటే సినిమా, టీవీ సీరియల్ దగ్గర ఆగిపోతున్నాం. మన పిల్లలు మాత్రం రాత్రుళ్ళు ఈ లోకాల్లో గడుపుతున్నారు. అందులో కొన్నిటిని మన ఊళ్ళోనే, మన ఆడపిల్లలే, రోజుకి పది గంటలు కూర్చుని తయారుచేస్తున్నారు. కావ్యాల్లోని వర్ణనలని విప్పి చూసిన కళ్ళతో ఈ జాబితాలనీ విప్పి చూడాలి. ఎవరికి ఎన్ని మొహాలు ఇచ్చారు, ఎవరి మొహం ఏ ఫోల్డరులో పెట్టారు అని లెక్క అడగాలి. స్టూడియోల్లో పనిచేసే ఆ పిల్లల చేత రాయించాలి.

మళ్ళీ సదస్సులో ఎవరైనా లాటరీ అంటే, ఈసారి నవ్వను. చీటీలు రాసిందెవరని అడుగుతాను.