నల్లకోటు వేసుకున్న అమ్మాయి



క్రిందటి నెల గృహ దర్శనమునకు వెళ్లినప్పుడు ఒక తల్లి నన్ను పక్కకు పిలిచి, "అయ్యగారూ, ఆ కోర్టు పని మానేసి పెళ్లి చేసుకోమని మా అమ్మాయికి మీరైనా చెప్పండి" అన్నది. ఆ అమ్మాయి లా చదివి రెండేళ్లుగా పట్నంలో ఒక ప్లీడరుగారి దగ్గర జూనియరు. తనతో చేరిన కుర్రవాళ్లను వాదనలకు పంపుతారు. తనకు మాత్రం వాయిదాలు అడగటం, కాగితాలు సర్దటం. ఇచ్చే డబ్బు బస్సు ఛార్జీలకే చాలదు. రాత్రిళ్లు నిద్ర లేదు. ఆదివారం సాయంత్రమయ్యేసరికి గుండెల్లో దడ.

నేను మానెయ్యమని చెప్పలేదు. ఒక మిషనరీగారి కూతురి సంగతి చెప్పాను.

కొర్నేలియా సొరాబ్జీ 1866లో నాసిక్‌లో పుట్టింది. తండ్రి పార్సీలలో నుండి క్రీస్తును నమ్ముకున్నవారు. ఆమె 1892లో ఆక్స్‌ఫర్డులో న్యాయశాస్త్ర పరీక్ష వ్రాసి నెగ్గితే, స్త్రీ గనుక పట్టా ఇవ్వలేదు. 1922లో గాని అది చేతికి రాలేదు. ఇక్కడ కోర్టులోనూ నిలబడనివ్వలేదు. అయినా 1904 నుండి, ఘోషాలో ఉన్న జమీందారీ స్త్రీల ఆస్తి వ్యవహారములు ప్రభుత్వ సలహాదారుగా చూసిపెట్టింది. 1916లో రెజీనా గుహ అనే ఆమె దరఖాస్తు పెడితే, చట్టంలోని "వ్యక్తి" అనే మాటలోకి స్త్రీ రాదని కలకత్తా హైకోర్టు త్రోసివేసింది! (అది విని ఆ తల్లికి కూడా నవ్వు వచ్చింది.) 1921లో పాట్నాలోనూ ఒకామెకు కాదన్నారు. ఆ సంవత్సరమే అలహాబాదు హైకోర్టు కొర్నేలియాను వకీలుగా చేర్చుకున్నది. స్త్రీ అనే కారణముతో ఎవరినీ ఈ వృత్తికి దూరము చేయరాదని 1923లో చట్టమే వచ్చింది.

అయితే ఆ చట్టము లోపలికి రానిచ్చింది, అంతే. జూనియరుకు సాధారణంగా అపాయింట్‌మెంటు ఆర్డరు ఉండదు, జీతపు చీటీ ఉండదు. ఉద్యోగులకున్న రక్షణలు చాలావరకు ఆమెకు అందవు. జూనియర్లకు నెలకు పట్టణాల్లో 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వండని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అన్నది గాని, అది సూచన మాత్రమే.

ఆ తల్లితో ఒక మాట అన్నాను. "ఫోను చేసిన ప్రతిసారీ సంబంధాల సంగతి ఎత్తకమ్మా. ఈ రోజు కోర్టులో ఏం జరిగిందని అడుగు. చెప్పుకోవడానికి దానికి ఇంకెవరున్నారు?" అమ్మాయితో, సీనియరును మార్చుకోవడము తప్పు కాదని, నిద్ర పట్టకపోవడము విశ్వాసలోపము కాదని చెప్పాను. ఒకప్పుడు ఇలాంటి బాధతోనే వచ్చిన ఒక కుర్రవాణ్ణి ప్రార్థన చేసి పంపేశాను. డాక్టరు దగ్గరకు కూడా నేనే తీసుకెళ్లవలసింది. ఇప్పుడైతే ప్రభుత్వమువారి టెలి మానస్ ఉన్నది. 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నెంబరు ఆమె డైరీలో వ్రాసిచ్చాను.

మొన్న తల్లి ఫోను చేసింది. అమ్మాయి ఇద్దరు లేడీ ప్లీడర్లను అడిగిందట. ఒకరు ఖాళీ లేదన్నారు, ఇంకొకరు వచ్చే నెల కనబడమన్నారు. పెళ్లి మాట ఆమె ఎత్తలేదు, నేనూ అడగలేదు.