నడుం పట్టీ పొట్టిదైపోతే...

“తమ్ముడూ, ఇవాళ నువ్వు దీంతో దిగట్లేదు.”

హేవ్‌లాక్‌లో పడవ ఎక్కాక మా డైవ్ ఇన్‌స్ట్రక్టర్ అన్న ఈ మాట అనేసరికి నా మొహం మాడిపోయింది. అండమాన్‌లో పుట్టి పెరిగినా ఆయన ఇంట్లో మాట్లాడేది తెలుగే. తాతగారిది శ్రీకాకుళం వైపు. అందుకే ఆ తిట్టు కూడా అచ్చ తెలుగులో పడింది.

విషయం ఏంటంటే, రెండు వారాలు కూర్చుని విడిభాగాలతో బిగించుకున్న నా సొంత ‘బ్యాక్‌ప్లేట్ అండ్ వింగ్’ని ఆయనకి గొప్పగా చూపించాను. ఆయన నడుం పట్టీ పట్టుకుని ఒక్కసారి గుంజాడు. బకిల్ దాటి మిగిలిన కొస రెండు వేళ్ల వెడల్పు కూడా లేదు. రెండో గుంజుకి జారి ఊడిపోయింది. పడవ మీద ఊడింది కాబట్టి నవ్వుకున్నాం. అదే పద్దెనిమిది మీటర్ల లోతులో ఊడితే?

ఈ వారం కబుర్లు దాని గురించే. స్కూబా నేర్చుకుని, ‘ఇక కిరాయి సామాను చాలు, సొంతది కొనుక్కుందాం’ అనుకుంటున్న వాళ్లు కాస్త ఓపిగ్గా చదవండి.

అసలు ఏంటిది?

డైవింగ్ సెంటర్లలో మనకి తొడిగే జాకెట్ బీసీడీ రెడీమేడ్ చొక్కా లాంటిది. స్మాల్, మీడియం, లార్జ్... ఏదో ఒకదాంట్లో మనం ఇరుక్కోవాలి. బ్యాక్‌ప్లేట్ అలా కాదు, దర్జీ దగ్గర కుట్టించుకున్నట్టు. వీపుకి ఒక లోహపు పలక, దానికి ఒంటి కొలతకి సరిపోయేలా పట్టీ, వెనకాల గాలి నింపే సంచి (దీన్నే వింగ్ అంటారు), ఆ వెనక సిలిండర్. ఏ ముక్క పాడైతే ఆ ముక్కే మార్చుకోవచ్చు.

ఇది పుట్టింది అమెరికాలో, ఉత్తర ఫ్లోరిడా నీటి గుహల్లో ఈదే డైవర్ల మధ్య. 1979లో గ్రెగ్ ఫ్లనగన్ అనే కేవ్ డైవర్ ఈ లోహపు పలకని తయారుచేశాడని చెబుతారు. విలియం హోగార్త్ మెయిన్ దాన్ని ఇంకా సాదాగా మార్చాడు. అందుకే ఒకే పట్టీతో కట్టే ఈ పద్ధతికి ‘హోగార్థియన్’ అని పేరు. గుహలో వేలాడే ప్రతి వస్తువూ ఎక్కడో చిక్కుకుంటుంది కాబట్టి, అక్కర్లేనిది ఏదీ ఒంటి మీద ఉండకూడదన్నది వాళ్ల లెక్క.

పలక ఏది? వింగ్ ఎంత?

స్టీల్ పలక రెండున్నర నుంచి మూడు కిలోలు ఉంటుంది. అల్యూమినియంది కిలో లోపే. స్టీల్ అయితే ఆ మేరకు నడుముకి కట్టే సీసం తగ్గుతుంది. కానీ విమానంలో 15 కిలోల లగేజీతో వెళ్లే మనలాంటి వాళ్లకి అల్యూమినియమే హాయి. సీసం ఎలాగూ డైవ్ సెంటర్‌లో ఇస్తారు. ఏది తీసుకున్నా, అవసరమైతే నీళ్లలో వదిలేయగలిగే బరువు కొంత ఉండేలా చూసుకోండి.

వింగ్ విషయంలో చాలామంది ‘పెద్దదైతే మంచిది కదా’ అనుకుంటారు. కాదు. లెక్క చూడండి. మన దగ్గర మామూలుగా దొరికే 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్‌లో 200 బార్ గాలి అంటే దాదాపు 2.7 కిలోలు. అంటే డైవ్ మొదట్లో మనం అంత ఎక్కువ బరువుతో ఉంటాం. ఐదు మిల్లీమీటర్ల వెట్‌సూట్ లోతులో నలిగి తేలే గుణం పోగొట్టుకుంటుంది, దానికి ఇంకో రెండు మూడు కిలోలు వేసుకోండి. పైకొచ్చాక తల నీళ్లపైన ఉండటానికి మరికొంత. మొత్తమ్మీద ఒంటి సిలిండర్‌కి 13, 14 కిలోలు ఎత్తే వింగ్ సరిపోతుంది. జంట సిలిండర్ల కోసం చేసిన పెద్ద వింగ్ కొంటే అది ఒంటి సిలిండర్ చుట్టూ మడతపడి, మడతల్లో గాలి ఇరుక్కుని, వదలమన్నప్పుడు వదలదు.

పట్టీ దూర్చడం

రెండంగుళాల వెడల్పున్న గట్టి నైలాన్ పట్టీ, ఒకటే ముక్క. మధ్యభాగం మెడ వెనక పలక పైన ఉంటుంది. రెండు కొసలూ భుజాల మీదుగా ముందుకొచ్చి, చంకల కింద నుంచి వెనక్కెళ్లి, పలక కింది గాట్లలో దూరి నడుం పట్టీగా బయటికొస్తాయి. భుజాలకి చెరో డి-రింగ్, ఎడమ నడుము దగ్గర ఒకటి. కాళ్ల మధ్య నుంచి వచ్చే క్రాచ్ స్ట్రాప్ విడిగా ఉంటుంది. దాని ముందు కొసన ఉన్న మడతలోంచి నడుం పట్టీ దూరాలి. ‘ఇదెందుకులే, ఇబ్బందిగా ఉంది’ అని తీసేయకండి. అది లేకపోతే గాలి నింపగానే మొత్తం సెట్టు మెడ మీదికి జరుగుతుంది.

ఇక నేను చేసిన ఘనకార్యం. ఇంట్లో టీ షర్ట్ మీద తొడుక్కుని, అద్దంలో చూసుకుని, ‘సూపర్ ఫిట్’ అనుకుని, మిగిలిన పట్టీ కోసేశాను. కొస పీచు లేవకుండా లైటర్‌తో కాల్చాను కూడా. పడవ మీద ఐదు మిల్లీమీటర్ల సూట్ వేసుకునేసరికి నడుం చుట్టుకొలత మూడు సెంటీమీటర్లు పెరిగింది. భుజాలు బిగుతయ్యాయని అక్కడ కాస్త వదులు చేశాను. పట్టీ ఒకటే ముక్క కదా, భుజానికి ఇచ్చిందంతా నడుం నుంచే పోయింది! పైగా నడుం పట్టీకే రెండు బరువు పాకెట్లు ఎక్కించాను. బకిల్‌కి పట్టు ఇచ్చే కొస ఇంకేం మిగులుతుంది?

బిగువు చూసుకునే తీరు

తర్వాత అన్న నేర్పినవి ఇవి. సూట్ వేసుకునే కొలత చూడాలి. చెయ్యి మెడ వెనక్కి పెడితే పలక పై అంచు వేళ్లకి తగలాలి. భుజం పట్టీ కింద అరచెయ్యి సులువుగా దూరాలి, ఎవరి సాయం లేకుండా చెయ్యి బయటికి తీయగలగాలి. బిగుతు ఉండాల్సింది నడుం దగ్గర, భుజాల దగ్గర కాదు. బకిల్ కుడిచేత్తో ఒక్క లాగుడుకి తెరుచుకోవాలి.

వరస కూడా గుర్తుంచుకోండి: వీపు, పలక, వింగ్, సిలిండర్. గాలి గొట్టం ఎడమ భుజం మీదుగా రావాలి. సిలిండర్‌ని పట్టుకునే క్యామ్ బ్యాండ్లు రెండూ ముందు తడిపి, తర్వాత బిగించండి. నైలాన్ తడిస్తే సాగుతుంది. పొడిగా బిగిస్తే నీళ్లలో సిలిండర్ జారుతుంది.

వింగ్‌ని నిండా ఊది రాత్రంతా వదిలేయండి. పొద్దున మెత్తబడిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. బకెట్ నీళ్లలో ముంచితే బుడగలు చెప్పేస్తాయి. వాల్వులన్నీ నొక్కి, లాగి చూడండి. ఇంతవరకు మన పని. రెగ్యులేటర్ విప్పడం మాత్రం మన పని కాదు. ఊపిరి దానిమీదే ఉంది, శిక్షణ ఉన్న టెక్నీషియన్‌కే ఇవ్వండి.

మొదటి డైవ్ కొలనులోనో, లోతులేని చోటో, తెలిసినవాళ్లని పక్కన పెట్టుకుని చేయండి. సిలిండర్‌లో 50 బార్ మిగిలినప్పుడు, వింగ్ ఖాళీ చేసి, మామూలుగా ఊపిరి తీసుకుని కదలకుండా ఉంటే నీళ్లు కంటి మట్టానికి రావాలి. అప్పుడు బరువు సరిపోయినట్టు. ఇంకో మాట. నీళ్లపైకొచ్చాక వింగ్‌లో మరీ ఎక్కువ ఊదితే మొహం ముందుకి నెడుతుంది. కాస్త వెనక్కి వాలితే చాలు.

ఆ రోజు కిరాయి జాకెట్‌తోనే దిగాను. చేపల్ని చూశానో లేదో గుర్తులేదు, ఆలోచనంతా ఆ పట్టీ మీదే. ఇంటికొచ్చి కొత్త పట్టీ నాలుగు మీటర్లు కొన్నాను. మళ్లీ వెళ్లినప్పుడు మిగులు కొసని మడిచి రబ్బరు బ్యాండ్ వేసుకుని ఐదు డైవ్‌లు చేశాను. ఒక్కో డైవ్‌కి కొంచెం కొంచెం సర్దుకుంటూ వెళ్లాను. ఆరో రోజు పొద్దున అన్న వచ్చి మళ్లీ గట్టిగా గుంజి చూశాడు. కదల్లేదు.

“ఇప్పుడు కొయ్యి. ఒక జానెడు మాత్రం ఉంచు. వచ్చే ఏడాదికి పొట్ట రాదని గ్యారంటీ ఏముంది?” అన్నాడు.

జానెడు ఉంచాను.