జ్వరం రెండు డిగ్రీలేనా తగ్గింది?

మీ అబ్బాయికి జ్వరం. థర్మామీటరు పెడితే 40 చూపించింది. డాక్టరుగారు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ సిరప్ పట్టారు. గంటన్నర పోయాక చూస్తే 38. "అయ్యో, రెండు డిగ్రీలేనా తగ్గింది, మందు పనిచేయలేదు" అని మళ్ళీ సీసా మూత తీయబోతున్నారు. కాస్త ఆగండి!

ఆ థర్మామీటరు చూపేది సెల్సియస్ లెక్క. మన ఇళ్ళలో జ్వరం మాట ఫారన్‌హీట్‌లోనే నడుస్తుంది. నూటొకటి, నూటరెండు అంటాం. (డిజిటల్ థర్మామీటర్లు కొన్నిటిలో బటన్ నొక్కితే లెక్క మారిపోతుంది. ఎవరు నొక్కారో మాత్రం ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు!) 40 అంటే 104. 38 అంటే 100.4. తగ్గింది 3.6 డిగ్రీలు. మందు బాగానే పనిచేసిందన్నమాట.

లెక్క ఇదీ. సెల్సియస్ అంకెను 1.8తో హెచ్చవేసి 32 కలిపితే ఫారన్‌హీట్ వస్తుంది. వెనక్కి రావాలంటే ముందు 32 తీసేసి, మిగిలినదాన్ని 1.8తో భాగించాలి. 101.3 ఉందనుకోండి, 32 పోతే 69.3, భాగిస్తే 38.5.

అయితే ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అని చూసేటప్పుడు 32 జోలికి పోకండి. 1.8తో హెచ్చవేస్తే చాలు. నీరు గడ్డకట్టే చోటును సెల్సియస్‌లో 0 అంటారు, ఫారన్‌హీట్‌లో 32 అంటారు. అంటే ఆ 32 మొదలుపెట్టిన చోటులో ఉన్న తేడా మాత్రమే. అక్కడినుంచి నీరు మరిగేదాకా ఒకదానిలో 100 మెట్లు, రెండోదానిలో 180. తగ్గిన రెండు డిగ్రీలకూ 32 కలిపారంటే 35.6 డిగ్రీలు తగ్గినట్టు వస్తుంది. అంత తగ్గితే మనిషి దక్కుతాడా?

ఇంతకూ సీసా సంగతి. పిల్లలకు పారాసిటమాల్ మోతాదు బరువును బట్టి ఉంటుంది. ఒకసారికీ మరోసారికీ మధ్య కనీసం నాలుగు గంటలు గడవాలి. 24 గంటల్లో నాలుగుసార్లు మించకూడదు. మించితే కాలేయం దెబ్బతింటుంది. మొదట్లో పైకి ఏమీ కనిపించకపోవచ్చు కూడా.

మూడు నెలలు నిండని పసిబిడ్డకు 38, అంటే 100.4 వచ్చిందంటే ఇంట్లో మందు పట్టి చూద్దామనుకోవద్దు. వెంటనే డాక్టరుకు చూపించండి. పెద్ద పిల్లలైనా మగతగా పడి ఉన్నా, ఏమీ తాగకపోయినా, ఆయాసపడుతున్నా, ఫిట్స్ వచ్చినా అంకె ఎంతైనా సరే, ఆలస్యం చేయకండి.

జ్వరం చూసినప్పుడల్లా టైము, అంకె కాగితం మీద రాయండి. పక్కన "సె" అనో "ఫా" అనో మరచిపోకుండా వేయండి. మందు ఎప్పుడు పట్టారో కూడా అందులోనే రాసి, ఆ కాగితం వెంట తీసుకెళ్ళండి.