కళాకారుని మందుల చీటి

2007వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఆరోగ్యశ్రీ పథకమునకు ఉమ్మడి ఆంధ్రప్రదేశములో అంకురార్పణ జరిగినప్పుడు, తొలి విడతకు ఎన్నుకొనబడిన మూడు జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. కరవునకును వలసలకును మారుపేరైన పాలమూరులో శస్త్రచికిత్సకై పొలమమ్ముకొను దుర్గతి కొంతయైనను తగ్గినదన్న, అందులో ఆ పథకపు పాలు కలదు. ఆ జిల్లానుండి 2016 అక్టోబరులో విడివడిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలలో నేటికిని ఆరోగ్యశ్రీ కార్డు పేదయింటి పెట్టెలో భద్రముగా దాచుకొను పత్రములలో నొకటి. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ కుటుంబమునకు ఏటా 5 లక్షల రూపాయల చికిత్సకు పూచీ పడగా, 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెరిగినది. ఇంత యుండియు, యజమానియు నెలజీతమును లేక తన చేతివిద్యనే నమ్ముకొని బ్రదుకు కళాకారుడు, ఇంట నొకరు మంచమెక్కినంతనే అప్పుకై పరుగిడవలసి వచ్చుచున్నదేల? సమాధానము బీమా మొత్తములో లేదు. ఏ రోగమును ఆ బీమా రోగముగా నెంచుచున్నదో, అందులో నున్నది.

గద్వాల నేతగాని సంగతియే తీసికొందము. నూలు ఒడలికి పట్టు అంచును, పట్టు కొంగును అతుకు కనబడకుండ కూర్చుటయే ఆ చీర ప్రత్యేకత. ఒడలి పేకను అంచు పేకతో పోగుపోగునకు మెలివేసి కలుపుచు, కాళ్లు మగ్గపు గుంటలో నుంచి, మెడ వంచి, చూపు మరల్చక ఉదయమునుండి ప్రొద్దుగ్రుంకువరకు కూర్చుండువానికి మొదట సడలునది నడుము, పిదప మెడ, ఆపైన కన్ను. ఆసు పోయు ఇల్లాలి భుజము, కండెలు చుట్టు ముదుసలి వ్రేళ్లు సైతము ఆ చీర ధరలో కనబడని భాగములే. ఈ బాధలలో అనేకము ఆపరేషను బల్ల నెక్కించునవి కావు. కంటి అద్దములు, నొప్పికి మాత్రలు, రక్తపోటునకో చక్కెరకో నెలనెలా మందులు, నాలుగు దినముల విశ్రాంతి, ఇవియే వానికి కావలసినవి. ఆసుపత్రిలో చేరినగాని పలుకని బీమా సరిగా వీనియొద్దనే మౌనము వహించును. చీరకింతయని కూలి కుదుర్చుకొన్నవానికి మగ్గము నిలిచిన దినమునకు కూలియును లేదు.

ప్రభుత్వ వైద్యశాలలో ఉచితముగా చూడరా యని కొంద రడుగుదురు. చూతురు. వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022లోను, గద్వాలలో 2024లోను వైద్య కళాశాలలు తెరువబడుట ఈ సీమకు నిజమైన మేలు, దానిని తక్కువ చేయుట అన్యాయము. కాని రాజోలినుండియో అమరచింతనుండియో బయలుదేరి, చీటీ వ్రాయించుకొని, వరుసలో నిలిచి, పరీక్షల ఫలితములకు మరునాడు మరల వచ్చువానికి ఆ ఉచితవైద్యము రెండు దినముల కూలిని మ్రింగివేయును. అందుచేతనే వాడు వైద్యుని విడిచి మందుల దుకాణము మెట్లెక్కి, అప్పటి నొప్పికి అప్పటి మాత్ర కొని, వ్యాధిని ముదిరించుకొనుచున్నాడు.

ఈ సూక్ష్మమును గ్రహించిన పథక మొకటి మనకు ఒకప్పు డుండెను. 2005లో కేంద్ర ప్రభుత్వము చేనేత కార్మికులకై నెలకొల్పిన ఆరోగ్య బీమాలో కుటుంబమునకు ఏటా ఇచ్చిన మొత్తము 15 వేల రూపాయలు మాత్రమే. కాని అందులో 7,500 రూపాయలు ఆసుపత్రిలో చేరనక్కరలేని చికిత్సకు ప్రత్యేకింపబడినవి. కంటి అద్దములకును అందు తావుండెను. పూర్వమే యున్న వ్యాధియని తిరస్కరించు నియమము లేకుండెను. మొత్తము స్వల్పమే యైనను, నేతగాని దేహము నెరిగినవా రెవరో దానిని రచించిరని తోచును. అనంతరము బీమా సంఖ్యలు లక్షలకు పెరిగినవి గాని ఆ మెలకువ మరుగునపడినది. 2022లో రాష్ట్రము ప్రవేశపెట్టిన నేతన్న బీమా 5 లక్షలిచ్చునది నేతగాడు మరణించిన పిదప; అది కుటుంబమునకు గొప్ప ఆసరా, బ్రదికియున్నవాని రోగమునకు మందు కాదు.

నేతగానికి సంఘమైనను, గుర్తింపుకార్డైనను కలదు. పాటగాని కదియును లేదు. నాగర్‌కర్నూలు జిల్లాలో పుట్టి, పండ్రెండు మెట్ల కిన్నెరను మీటుచు వీరగాథలు పాడి, 2022లో పద్మశ్రీ నందుకొన్న దర్శనం మొగులయ్య, రెండేండ్లు తిరిగిన కొలదినాళ్లకే హైదరాబాదు శివార్లలో నిర్మాణపు పనిలో కూలిగా పత్రికల కెక్కెను. ఇంటిలో నెలనెలా మందులకే వేల రూపాయలు కావలయునని ఆయనయే చెప్పుకొనెను. రాష్ట్రపతిచేత సన్మానితుడైనవాని స్థితియే ఇట్లున్న, జాతరలోను, పెండ్లి పందిళ్లలోను, భాగవతపు మేళములలోను పాడి ఆడి బ్రదుకు అనామకుల స్థితి వేరుగ చెప్పనేల?

వారిని బజారులో బీమా కొనుక్కొమ్మనుట సులభము. కొన్ని అడ్డంకులు తొలగిన మాట నిజమే: 2024 ఏప్రిల్ నుండి అరువదియైదేండ్ల వయఃపరిమితి పోయినది; పాతవ్యాధులకు వేచియుండు గడువు నాలుగేండ్లనుండి మూడేండ్లకు తగ్గినది; 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై 18 శాతము జీఎస్టీ రద్దయినది. అయినను యేబది యేండ్ల కళాకారునికి ఆ మూడేండ్ల నిరీక్షణము చిన్నది కాదు. ముహూర్తములున్న మాసములలో సంపాదించి మూఢములలో పస్తుండువాడు ప్రీమియమును గడువునాటికి చెల్లించుటయు కష్టమే. కర్మాగారపు శ్రామికునికి ఈఎస్‌ఐలో యజమాని వాటా తోడుగా నుండును. కళాకారుని యజమాని ఎవరు?

ఈ సీమ చరిత్రలో ఒకప్పుడు దానికి జవాబుండెను. గద్వాలను విద్వద్గద్వాల యనిపించిన ప్రభువులు, వనపర్తి, జటప్రోలు సంస్థానాధీశులు కవిపండితులకు వార్షికము లిచ్చి పోషించిరి. తిరుపతి వేంకట కవులు సైతము ఇచ్చటి సంస్థానముల సత్కారము లందుకొన్నవారే. అది ప్రభువుల దయమీద నాధారపడిన పోషణము, నేతగానికిని కిన్నెరవానికిని అంతగా చేరినదియు కాదు. దాని పునరుద్ధరణము మనకు వలదు. నేడు కళవలన లాభపడువారు రాజులు కారు: చీరల దుకాణములు, ఉత్సవముల గుత్తదారులు, చలనచిత్ర నిర్మాతలు, జానపదమును యూట్యూబులో నమ్ముకొను సంస్థలు. జర్మనీ ఈ విషయమును చట్టముచేతనే తేల్చినది. 1983నుండి అచ్చట స్వతంత్ర కళాకారుడు తన సామాజిక బీమా వ్యయములో సగము మాత్రమే చెల్లించును. మిగిలిన సగములో, మొత్తమున నూటికి ముప్పది పాళ్లు కళను వినియోగించుకొను ప్రచురణకర్తలు, నాటకశాలలు మున్నగు సంస్థలనుండి, ఇరువది పాళ్లు ప్రభుత్వమునుండి వచ్చును. ఆ సంస్థలు కళాకారులకిచ్చు ప్రతిఫలముపై ఇంచుమించు 5 శాతము సుంకము కట్టును.

ఆ పద్ధతి ఇచ్చటి కేల పనికిరాదు? పదివేల రూపాయల చీరమీద నూటి కొక రూపాయి చొప్పున వంద రూపాయలు దుకాణపు బిల్లులోనే వసూలు చేసినచో కొనువా రెవరును వెనుదీయరు. ఆ భారము మరల కూలిలో కోతగా దిగుననుట తోసిపుచ్చదగిన భయము కాదు. కావుననే సుంకము మాస్టరు వీవరు కడ గాక తుది అమ్మకమునొద్దనే పట్టవలెను, రాష్ట్ర చేనేత సహకార సంస్థయగు టెస్కో తన దుకాణములలో ముందుగా ప్రారంభించి చూపవలెను. ఆ నిధితో ఆరోగ్యశ్రీకి పోటీగా మరియొక బీమా కొననక్కరలేదు. అది విడిచిపెట్టిన మందుల చీటి, కంటి అద్దములు, పని నిలిచిన దినముల భత్యము, వీని నిచ్చిన చాలును. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డవాసులకు ఆంధ్రప్రదేశములోని కర్నూలు దగ్గర గనుక, తుంగభద్ర దాటినంతనే ఆ సాయము చెల్లకపోవు స్థితియు నుండరాదు.

అన్నిటికంటె ముందు ఈ సాయమునకు అర్హులైన కళాకారుల పట్టిక కావలెను. తెలంగాణములో కవులే లేరన్న మాటకు ఈ గడ్డనే పుట్టి, 1952లో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికైన సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించి బదులిచ్చెను. ఒక పత్రికా సంపాదకుడు ఆనాడు లేఖలతో సాధించిన దానిని, ఊరూర కార్యదర్శియు ఆశా కార్యకర్తయు గల ప్రభుత్వము నేడు సాధింపలేదా? మూడు జిల్లాల కలెక్టర్లు గ్రామసభలు పెట్టి నేతగాండ్ర, పాటగాండ్ర, భాగవతుల పేర్లను, వయస్సును, వారికున్న వ్యాధులను ఈ యేడే వ్రాయింపవలెను. సహకార సంఘములును, కళాబృందములును అధికారులకై ఎదురుచూడక తమ పేళ్లను తామే వ్రాసి సమర్పింపవలెనని నా మనవి.