వెతుకులాటకూ వెల కట్టాలి

గత వేసవిలో విజయవాడ దారిలో నా కారు రెండుసార్లు ఉన్నట్టుండి ఆగిపోయింది. పక్కన అమ్మ, వెనుక లారీ. కాసేపటికి ఏమీ ఎరగనట్టు మళ్ళీ కదిలేది. షెడ్డుకు తీసుకువెళితే నిక్షేపంగా నడిచేది.

స్కానరు పీ0339 అనే కోడు చూపింది. క్రాంక్‌షాఫ్ట్ స్థితిని తెలిపే సెన్సరు సర్క్యూట్‌లో సంకేతం వస్తూ పోతూ ఉందని దాని అర్థం. సెన్సరు చెడిందని కాదు. సర్క్యూట్ అంటే తీగలూ, కనెక్టరూ కూడా. అయినా సెన్సరునే మార్చి, కోడు చెరిపేశారు. దానితోపాటే, లోపం తలెత్తిన క్షణాన ఇంజను వేడి, వేగం ఎంతెంతో కంప్యూటరు దాచిన వివరాలూ చెరిగిపోయాయి. వారం తిరగకుండానే బండి మళ్ళీ ఆగింది.

రెండో మెకానిక్కు ముందుగా ప్రశ్నలడిగారు. ఎండలోనా, వానలోనా, గతుకుల్లోనా? పిమ్మట ఇంజను నడుస్తుండగా తీగల కట్టను జానెడు జానెడుగా కదిలిస్తూ పోయారు. ఒకచోట ఇంజను ఠక్కున ఆగింది. ఇనుప పట్టీకి ఒరుసుకొని తీగ తొడుగు అరిగిపోయి ఉంది.

వస్తువుకు వేలు చెల్లించే మనం, వెతికిన గంటకు వందల దగ్గర బేరమాడతాం. అందుకే వెతకడం కన్నా మార్చడమే గిట్టుబాటవుతోంది. మందు రాయకపోయినా వైద్యునికి ఫీజు ఇస్తున్నాం కదా! తప్పు మెకానిక్కులది మాత్రమే కాదు. బండి ఎప్పుడు, ఎక్కడ, ఏ వేగంలో ఆగిందో రాసుకొని వెళ్ళడం మన వంతు. ఆ శ్రమకు వెల కట్టడమూ మన వంతే.

మిత్రులేమంటారు?