గాయం వెనుక లెక్క

అత్యవసర విభాగంలోని వైద్యుడు గాయాన్ని కుట్టి, రక్తం ఎక్కించి, మరుక్షణం పక్క మంచం వైపు తిరగవలసినవాడు. ఆ గాయం ఎందుకు కలిగిందని అడగటం అతని పని కాదని లోకం అభిప్రాయం. ఆర్థర్ కెల్లర్‌మన్ అనే అమెరికన్ వైద్యుడు అడిగాడు.

1986లో ఆయన మరొక వైద్యునితో కలిసి ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ఒక వ్యాసం ప్రచురించాడు. సియాటిల్ నగరమున్న కింగ్ కౌంటీలో ఆరేళ్ళ మరణాల పరిశీలన అది. ఇంట్లో ఉంచుకున్న తుపాకితో ఆ ఇంట్లోనే పోయిన ప్రాణాలు 398. అందులో 333 ఆత్మహత్యలు. ఆత్మరక్షణ కోసం జరిగిన హత్యలు తొమ్మిది. దొంగ కోసం దాచిన ఆయుధం ఇంటివారి మీదికే తిరిగిందన్నమాట!

1993లో మూడు కౌంటీల హత్యలను పరిశీలించి, తుపాకి ఉన్న ఇంట్లో హత్య జరిగే అవకాశం సుమారు 2.7 రెట్లని ఆయన బృందం తేల్చింది. దీనిమీద ఎన్నో విమర్శలు వచ్చాయి. ప్రాణభయం ఉన్నవాడే తుపాకి కొంటాడు కదా, మరి ఏది కారణం, ఏది కార్యం అన్నది వాటిలో ముఖ్యమైనది. ఇది కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు. ఇటువంటి అధ్యయనం దానిని పూర్తిగా తీర్చలేదు కూడా.

కానీ ‘చావదలచినవాడు ఎలాగైనా చస్తాడు, తుపాకి లేకపోతే ఏమి?’ అన్న వాదాన్ని మాత్రం నేను ఒప్పుకోను. తెలుగు పల్లెల్లో పురుగుమందు డబ్బా సంగతి ఎరిగినవారెవరూ ఒప్పుకోరనుకుంటాను. చావాలన్న తలపు చాలామందిలో కాసేపటిదే. ఆ కాసేపట్లో చేతికందే వస్తువును బట్టి బతకటమో, పోవటమో ఉంటుంది. శ్రీలంక 1995లో మోనోక్రోటోఫాస్ వంటి మందులను, 1998లో ఎండోసల్ఫాన్‌ను నిషేధించింది. 2005 నాటికి అక్కడ ఆత్మహత్యల రేటు సగానికి తగ్గింది. మనుషుల దుఃఖం సగమైందని కాదు దీని అర్థం.

ఇక అమెరికా చట్టసభ ఏమి చేసిందో చూడండి. కెల్లర్‌మన్ పరిశోధనకు డబ్బిచ్చింది సిడిసి అనే ప్రభుత్వ ఆరోగ్య సంస్థ. 1996లో జే డికీ అనే సభ్యుని పేరుతో ఒక నిబంధన వచ్చింది: గాయాల నివారణకిచ్చే నిధులను తుపాకుల నియంత్రణను ప్రచారం చేయటానికి వాడరాదని. దానితోపాటు 26 లక్షల డాలర్లను తుపాకి పరిశోధన నుంచి మళ్ళించారు. సరిగ్గా అంతకు ముందు ఏడాది ఆ పరిశోధనకు ఖర్చయిన మొత్తమే అది. నిబంధన పరిశోధనను నిషేధించలేదు. ఆ అవసరమే రాలేదు. అధికారులు తమంతట తామే ఆ వైపు చూడటం మానుకున్నారు. నిషేధం కన్న బెదురు చవక, పైగా దానిని కోర్టులో సవాలు చేయటమూ కష్టమే.

2012లో ఆ డికీయే, ఒకప్పుడు సిడిసిలో గాయాల నివారణ కేంద్రానికి అధిపతిగా ఉన్న మార్క్ రోసెన్‌బర్గ్‌తో కలిసి, ఈ పరిశోధన జరగాలని పత్రికలో రాశాడు. పాత ప్రత్యర్థులిద్దరూ స్నేహితులయ్యారట. 2017లో డికీ మరణించాడు. 2019 డిసెంబరులో గాని చట్టసభ రెండున్నర కోట్ల డాలర్లు కేటాయించలేదు.

ఆ నడుమ కాలిఫోర్నియాలో గారెన్ వింటమ్యూట్ అనే మరొక అత్యవసర వైద్యుడు, సొంత సొమ్ము పది లక్షల డాలర్లకు పైగా పెట్టి తన పరిశోధనను నడుపుకున్నాడు.