పాటల క్విజ్‌లో ఒక చిక్కు ప్రశ్న

ఇంగ్లండులోని పబ్బులలో, అంటే బీరు త్రాగే చోట్ల, 1970ల నుండి క్విజ్ రాత్రులు బాగా వ్యాపించాయి. నలుగురైదుగురు ఒక జట్టుగా కూర్చుని జవాబులు కాగితముపై వ్రాస్తారు. పబ్బు మనకు అక్కరలేదు గాని క్విజ్ మంచిదే. యౌవనస్థుల కూటములలో మేము కూడ పెడుతుంటాము.

"అమేజింగ్ గ్రేస్" కీర్తన ఎవరు వ్రాశారు? జాన్ న్యూటన్ గారు. ఇది సులువే. మరి రాగము? అది కూడ ఆయనదే అనుకునేవారున్నారు. 1773 నూతన సంవత్సర ఆరాధన కొరకు ఓల్నీలో ఆయన మాటలు మాత్రమే వ్రాశారు. 1807లో మరణించారు. ఇప్పుడు లోకమంతా పాడే రాగమును ఆ మాటలకు జోడించింది అమెరికాలో విలియమ్ వాకర్, 1835లో.

అసలు చిక్కు వేరే ఉంది. సముద్రములో తుపాను రాగా న్యూటన్ మారుమనస్సు పొంది, వెంటనే బానిసల వ్యాపారము మానుకున్నారని ప్రసంగాలలో సైతం వింటుంటాము. అది నిజము కాదు. తుపాను 1748లో వచ్చింది. తరువాత ఆయన ఓడ కెప్టెనుగా ఆఫ్రికా నుండి బానిసలను తీసుకువెళ్ళారు. 1754లో ఓడ దిగింది అనారోగ్యము వలన. ఆ వ్యాపారమును ఖండిస్తూ కరపత్రము వ్రాసింది 1788లో. తుపానుకు, కరపత్రమునకు మధ్య నలభై ఏండ్లు! పిల్లలకు తుపాను కథ చెప్పి ఈ నలభై ఏండ్లు దాటవేయరాదని మా అభిప్రాయము. ఓడ అడుగున గొలుసులతో పడియున్నవారు కూడ ఈ కథలోనివారే గదా.

ఈసారి క్విజ్‌లో, న్యూటన్ బానిసల ఓడను విడిచిన సంవత్సరమేదని అడిగి చూడండి. 1748 అని వ్రాసిన జట్టుకు మార్కు ఇవ్వకండి.